సామీల్లో క్యాన్సర్ తక్కువే అంటే ఫాలౌట్‌కి క్లీన్‌చిట్ ఇచ్చినట్టేనా?

దుర్భిణి (చర్చ మొదలుపెట్టినవారు)

నార్వే, స్వీడన్, ఫిన్లాండ్ ఉత్తర భాగాల్లో, రష్యాలోని కోలా ద్వీపకల్పంలో ఉండే సామీ ఆదివాసుల సంగతి ఇది. 1950, 60ల్లో గాల్లో పేల్చిన అణుబాంబుల రేడియోధార్మిక ధూళి (ఫాలౌట్), తర్వాత 1986 చెర్నోబిల్ అణు ప్రమాదపు ధూళి, రెండూ రెయిన్‌డీర్ (మంచు ప్రాంతపు జింక) మాంసం ద్వారా వాళ్ల ఒంట్లోకి చేరాయి. అప్పట్లో ఐరోపాలో ఆ ధూళిలోని రేడియోధార్మిక పదార్థం సీజియం-137 ఒంట్లో బాగా ఎక్కువగా ఉన్న జనాల్లో వాళ్లొకరు. అయినా క్యాన్సర్ రిజిస్ట్రీలు (దేశంలో నమోదైన కేసుల జాబితాలు) తిరగేస్తే వాళ్లలో కేసులు దేశ సగటు కంటే తక్కువ. "చూశారా, చిన్న మోతాదుకి ఏమీ కాదు" అని ఒక వర్గం. "లెక్కల్లో ఏదో దాస్తున్నారు" అని ఇంకో వర్గం. విషయం తెలిసినవాళ్లు అంకెలతో మాట్లాడితే బాగుంటుంది.

లైకెన్_లోకం

ముందు దారి తెలియాలి, లేకపోతే చర్చ ఎటో పోతుంది. రెయిన్‌డీర్ మేసేది లైకెన్, అంటే నేల మీద నాచులా పరుచుకునే జీవి. దానికి వేళ్లుండవు. నీళ్లయినా లవణాలయినా వానలోంచి, మంచులోంచి, గాలిలో ధూళిలోంచి తీసుకోవాల్సిందే. ఏడాదికి పెరిగేది కొద్ది మిల్లీమీటర్లు, బతికేది దశాబ్దాలు. పైనుంచి పడిన సీజియంని పట్టుకుని ఏళ్ల తరబడి వదలదు. గడ్డి సంగతి వేరు. ఏటా కొత్తగా మొలుస్తుంది, మట్టిలో బంకమన్ను ఉంటే సీజియం దానికే అతుక్కుపోయి వేళ్లకు పెద్దగా అందదు.

చలికాలంలో రెయిన్‌డీర్ గిట్టలతో మంచు తవ్వి తినేది ఎక్కువగా ఈ లైకెనే. సీజియం ఒంట్లో పొటాషియంలా నడుచుకుంటుంది కాబట్టి కండలోకి చేరుతుంది. అదే జంతువు మాంసంలో ఆగస్టులో ఉన్నదానికి మార్చిలో ఉన్నదానికి ఎన్నో రెట్ల తేడా ఉంటుంది. మాంసం కోసం కాపరులు జంతువుల్ని కోసే కోతలు ఎక్కువగా శరత్తు నుంచి చలికాలం దాకా సాగుతాయి. మనిషికి చేరేది ఆ మాంసమే.

ఇక్కడ చాలామంది కలిపేసే విషయం ఒకటుంది. బాంబుల ధూళి పైవాతావరణం దాకా వెళ్లి ఏళ్ల మీద నెమ్మదిగా దిగింది, అంచేత ఉత్తర లాప్‌లాండ్ అంతా ఇంచుమించు ఒకే తీరున పడింది. చెర్నోబిల్ ధూళి అలా కాదు. ఆ వారంలో ఎక్కడ వాన కురిస్తే అక్కడ పడింది: స్వీడన్‌లో యేవ్లె చుట్టుపక్కల, యెమ్ట్‌లాండ్, వెస్టర్‌బొట్టెన్, నార్వేలో ట్రోన్‌దెలాగ్, నోర్డ్‌లాండ్ దక్షిణ భాగం. బాంబుల కాలంలో ఎక్కువ మోసిన నార్వేలోని కౌటొకేనో, ఫిన్లాండ్‌లోని ఇనారి వైపు 1986లో పడింది స్వల్పం. అంటే ఉత్తర సామీలది ప్రధానంగా బాంబుల బాకీ, దక్షిణ సామీలది చెర్నోబిల్ బాకీ. "సామీ జనాభా" అని ఒకే ముద్ద చేసి సగటు తీసే ఏ పట్టికనైనా కాస్త అనుమానంగానే చూడాలి.

బెక్వెరెల్_బాబాయ్

మోతాదు లెక్క నేను పెడతాను, తర్వాత వాదించుకోవచ్చు.

బెక్వెరెల్ అంటే రేడియోధార్మికత కొలత, మిల్లీసీవర్ట్ అంటే దానివల్ల ఒంటికి తగిలే మోతాదు కొలత. పెద్దవాళ్లు మింగిన ప్రతి బెక్వెరెల్ సీజియం-137కి మోతాదు 0.000013 మిల్లీసీవర్ట్. తిరగేస్తే 1 మిల్లీసీవర్ట్ రావడానికి సుమారు 77,000 బెక్వెరెళ్లు మింగాలి. కిలోకి 1,500 ఉన్న మాంసమైతే 51 కిలోలు, 3,000 ఉన్నదైతే 26 కిలోలు.

ఒంట్లో నిల్వ నుంచి కూడా లెక్కకట్టొచ్చు. ఫిన్లాండ్‌లోని ఇనారి ప్రాంతపు మగ కాపరుల్లో 1960ల నడుమ గరిష్ఠ సగటు దాదాపు 45,000 బెక్వెరెళ్లు. పెద్దవాళ్ల ఒంట్లోంచి సీజియం సగం బయటికి పోవడానికి పట్టే కాలం సుమారు 100 రోజులు. నిల్వ అదే స్థాయిలో ఉండాలంటే రోజూ 310 బెక్వెరెళ్లు లోపలికి పోతూ ఉండాలి, ఏడాదికి లక్షా పదమూడు వేలు. అంటే ఏటా 1.5 మిల్లీసీవర్ట్. 

అది అత్యధికంగా ఉన్న ఒకట్రెండేళ్ల మాట. 1963 ఒప్పందంతో అమెరికా, సోవియట్ యూనియన్, బ్రిటన్ గాల్లో పేల్చడం ఆపాక తగ్గుతూ వచ్చింది. కౌటొకేనో కాపరులకు 1950 నుంచి 2010 వరకు తిండి ద్వారా చేరిన మొత్తం సగటు 20 మిల్లీసీవర్ట్ దరిదాపుల్లో ఉంటుంది. పోల్చుకోవడానికి: ప్రపంచ సగటు సహజ రేడియేషన్ ఏటా 2.4. అరవై ఏళ్లకి 144.

రిజిస్ట్రీ_రాజు

బాబాయ్ గారి లెక్క చూశాక ఇంక చర్చకి మిగిలింది ఏముందో నాకర్థం కాలేదు. స్వీడన్‌లో 2,034 మంది రెయిన్‌డీర్ కాపరుల సామీలను 1961 నుంచి 1984 దాకా రిజిస్ట్రీలో వెంబడించారు. స్వీడన్ సగటు ప్రకారం 163 క్యాన్సర్లు రావాలి. వచ్చినవి 100. పెద్దపేగు, ఊపిరితిత్తులు, రొమ్ము, మగవారి జననాంగాలు, కిడ్నీ, లింఫోమా అన్నీ తక్కువ. జీర్ణాశయ క్యాన్సర్ ఒక్కటే ఎక్కువ. రేడియేషన్‌కి ముందుగా లొంగే అవయవాల్లో పెరుగుదల లేదు. తర్వాత అదే దేశంలో 1997 దాకా పొడిగించి చూశారు, ఫిన్లాండ్‌లో 1979 నుంచి 1998 దాకా చూశారు, ఉత్తర నార్వేలో 1970 నుంచి 1997 దాకా చూశారు. మూడు దేశాలు, మూడు బృందాలు, మొత్తం మీద అన్నిచోట్లా తక్కువే.

జీర్ణాశయానికి ఉప్పుచేప, పొగబెట్టిన మాంసం, హెలికోబాక్టర్ బ్యాక్టీరియా లాంటి కారణాలు వేరే ఉన్నాయి. సీజియం ఒంటినిండా సమానంగా పరుచుకుంటుంది. అది ఒక్క జీర్ణాశయాన్నే పట్టుకుని మిగతా అన్నిటినీ వదిలేయదు కదా.

శాంపిల్_సైజు

రాజు గారూ, మీరిచ్చిన అంకెల్నే తీసుకుంటాను.

2,034 మంది, తలకి 20 మిల్లీసీవర్ట్ అనుకుందాం (1984 నాటికి నిజానికి ఇంకా తక్కువ). కలిపితే 41 మనిషి-సీవర్ట్లు. రేడియేషన్ రక్షణ రంగంలో వాడే ముతక అంచనా ప్రకారం క్యాన్సర్ మరణం అవకాశం సీవర్ట్‌కి 5 శాతం. 41కి అయిదు శాతం అంటే రెండు. రెండే రెండు అదనపు మరణాలు, అదీ వాళ్ల జీవితకాలం మొత్తం మీద. మరణాలు కాకుండా కేసులు లెక్కపెట్టినా మూడో నాలుగో.

163 కేసులు రావాల్సిన చోట ఉత్త అదృష్టం వల్లే అటూ ఇటూ 25 దాకా ఊగుతుంది. ఆ ఊగిసలాటలో రెండు కేసుల్ని ఎవరు పట్టుకుంటారు? ప్రమాదం ఉందనుకున్నా ఆ అధ్యయనంలో అది కనబడే వీలే లేదు. "కనబడలేదు" అన్నది ఆ పట్టిక నిజాయితీగా చెప్పగలిగిన మాట. "లేదు" అన్నది మీరు చేర్చిన మాట.

ఇంకో సంగతి. 163కి 100 వచ్చాయంటే 63 తక్కువ. అది రేడియేషన్ వల్ల కాదు, జీవనశైలి వల్ల. రోజంతా కొండల మీద మంద వెంట నడక, తిండి తేడా, మరికొన్ని. పోలుస్తున్నది స్టాక్‌హోమ్ నగరవాసులూ కలిసిన దేశ సగటుతో. 63 తగ్గించే ప్రభావం పైన కూర్చుని ఉంటే దాని కింద 2 పెంచే ప్రభావం ఉందో లేదో తేల్చడానికి ఈ పోలిక పనికిరాదు. చేయాల్సింది కాపరులకి కాపరులతోనే పోలిక: ఎక్కువ తిన్నవారు, తక్కువ తిన్నవారు. దానికి ఒక్కొక్కరి మోతాదు కావాలి. ఒంట్లో సీజియం కొలిచే యంత్రం ముందు కూర్చోబెట్టింది ఎప్పుడూ కొద్దిమందినే. మిగతావాళ్లకి ఊరిని బట్టి, వృత్తిని బట్టి అంచనా వేశారు. అంచనా ఎంత వదులైతే ఫలితం అంత చప్పగా వస్తుంది.

రిజిస్ట్రీ_రాజు

సరే, మీ లెక్కనే ఒప్పుకుంటాను. రెండు వేల మందికి జీవితకాలంలో రెండు. అప్పుడు "సామీల్లో ఫాలౌట్ క్యాన్సర్ల ఉప్పెన" అని రాసే పత్రికలకి ఆధారం ఎక్కడిది? మీ లెక్క నా వైపే సాక్ష్యం చెబుతోంది. పెద్ద ప్రమాదం ఉండి ఉంటే, 200 కేసులు వచ్చి ఉంటే, ఈ అధ్యయనం తప్పకుండా పట్టుకునేది. పెద్దది లేదని తేలింది. చిన్నది ఉందో లేదో తేలదు. ఈ రెండో ముక్క మీద మీరు ఇల్లు కడుతున్నారు.

శాంపిల్_సైజు

పెద్దది లేదన్నది ఒప్పుకున్నదే, ఎవరూ కాదనలేదు. నా అభ్యంతరం "క్లీన్‌చిట్" మీద. ఇంకొకటి మరిచారు: మీరు ముందు పెట్టిన అధ్యయనం 1984లో ముగిసింది. చెర్నోబిల్ 1986. అది బాంబుల ధూళి గురించి మాత్రమే మాట్లాడగలదు. 1997 దాకా పొడిగించినదానికి చెర్నోబిల్ తర్వాత దొరికింది పదకొండేళ్లు. రక్తక్యాన్సర్‌కి అది సరిపోవచ్చు, గడ్డల క్యాన్సర్లకి పదేళ్ల తర్వాతే లెక్క మొదలవుతుంది.

స్వీడన్ రిజిస్ట్రీల్లో జాతి రాయరన్నది కూడా గుర్తుంచుకోండి. అక్కడ "సామీ కోహార్ట్" అంటే కాపరి కుటుంబాల పాత రికార్డుల నుంచి కూర్చినది. ఊళ్లలో స్థిరపడి వేరే ఉద్యోగాలు చేసుకునే సామీలు ఎక్కువమంది, వాళ్లు వేరే జాబితాల్లో తేలతారు లేదా అసలు తేలరు.

ఉత్తరగాలి

ఎవరూ ఎత్తలేదు కాబట్టి నేనే ఎత్తుతాను. 2004లో ఉత్తర స్వీడన్ మీద మార్టిన్ తొందెల్ బృందం చేసిన అధ్యయనం. సామీలది కాదు, ఆ ప్రాంతపు అరవై ఏళ్ల లోపు జనాభాది: 11 లక్షల 43 వేల మంది, 1988 నుంచి 1996 దాకా 22,409 క్యాన్సర్లు. నేల మీద చదరపు మీటరుకి 100 కిలోబెక్వెరెళ్ల సీజియం పెరిగినప్పుడల్లా క్యాన్సర్ 11 శాతం పెరిగిందని తేల్చారు, అసలు విలువ 3 నుంచి 20 శాతం మధ్య ఎక్కడైనా ఉండొచ్చన్నారు. వాళ్ల లెక్కలో 849 కేసులు చెర్నోబిల్ ఖాతాలోకి వచ్చాయి. ఇది శాంపిల్ చాలదనే మాటకి జవాబు కాదా?

బెక్వెరెల్_బాబాయ్

శాంపిల్ పెద్దదే, కానీ ఫలితం భౌతికశాస్త్రంతో పొసగదు. 100 కిలోబెక్వెరెళ్లున్న నేల మీద బతికితే ఆ పదేళ్లలో మనిషికి చేరేది కొన్ని మిల్లీసీవర్ట్లు. చాలా ఉదారంగా 10 అనుకోండి. 2023లో వచ్చిన అంతర్జాతీయ అణుకార్మికుల అధ్యయనంలో మూడు లక్షల పైచిలుకు మంది ఉన్నారు, ఒక్కొక్కరికి మోతాదు కొలిచే బ్యాడ్జి ఉంది. అందులో గడ్డల క్యాన్సర్ మరణాలు గ్రేకి (ఇక్కడ ఒక గ్రే అంటే ఒక సీవర్ట్ అనుకోవచ్చు) 52 శాతం పెరిగాయి. 10 మిల్లీకి అది అర శాతం. తొందెల్ చూసింది 11 శాతం. ఇరవై రెట్లు ఎక్కువ! అదీ రెండేళ్ల నుంచి పదేళ్లలోపే కనబడింది. ఒక్కొక్కరి మోతాదు లేదు, ఉన్న పారిష్‌ని (ఒక చర్చి పరిధిలోని ఊళ్లని) బట్టి నేల లెక్క తీసుకున్నారు. ఆ నేల మీద ఎవరెవరు ఉన్నారు, ఎంత పొగతాగారు, ఊరా పల్లెనా, ఇవన్నీ పూర్తిగా సర్దుబాటు కాలేదని నా అభిప్రాయం.

అలాగని చెత్తబుట్టలో వేయమనను. మోతాదుకీ ఫలితానికీ మధ్య మనకి తెలియని మరో కారణం ఉందని మాత్రం అంటాను.

అదే కార్మికుల లెక్కని సామీల 20 మిల్లీకి పెడితే క్యాన్సర్ మరణాలు ఒక శాతం పెరగాలి. శాంపిల్_సైజు గారు వేరే దారిలో చెప్పినదానికి ఇది దగ్గరే. నా మాట అదే: సున్నా కాదు, ఒక శాతం చుట్టుపక్కల.

రేణుక_పశువైద్యం

మీరంతా మోతాదు ప్రకృతి ఇచ్చినట్టు మాట్లాడుతున్నారు. చెర్నోబిల్ తర్వాత దక్షిణ సామీలకి ఆ మోతాదు తక్కువగా ఉండటానికి కారణం మందల మీద చేసిన పని. అది తీసేస్తే అంకెలు వేరే. వారానికి రెండు కిలోలు తినే మనిషి కిలోకి 10,000 బెక్వెరెళ్లు ఉన్న మాంసం తింటే ఏడాదికి 13 మిల్లీసీవర్ట్ దాటుతుంది. మొదటి ఏళ్లలో అంతకు మించిన మాంసం స్వీడన్, నార్వే రెండింట్లోనూ కోతకొచ్చింది. 1986లో కోసినవాటిలో పెద్ద భాగాన్ని పారేశారు. స్వీడన్‌లో నీలంరంగు పూసి, బొచ్చు కోసం పెంచే మింక్, నక్కల ఫారాలకి మేతగా పంపారు.

ఏం చేశారో వివరంగా చెబుతాను, ఎందుకంటే ఇందులో తేలిక పని ఒక్కటీ లేదు.

శుభ్రమైన మేత: రెయిన్‌డీర్ ఒంట్లో సీజియం సగమయ్యేది సుమారు మూడు వారాల్లో. 12,000 నుంచి 3,000కి రావాలంటే రెండు సగాలు, ఆరు వారాలు. దొడ్డిలో పెట్టి తలకి రోజూ రెండు కిలోల దాకా గుళికల దాణా. ఇక్కడే దెబ్బ తగులుతుంది. లైకెన్ మీద ఉన్న పొట్టలో సూక్ష్మజీవులు పిండిపదార్థం ఎక్కువున్న దాణాకి ఒక్కసారిగా అలవాటు పడవు. తొందరపడితే పొట్టలో ఆమ్లం పెరిగి జంతువు నిలువునా కూలిపోతుంది. బక్కచిక్కిన వాటికి కోసిన పచ్చగడ్డి మాగవేసి పెడితే పొట్ట నీళ్లతో ఉబ్బుతుంది, లోపల మేత అరగదు, నిండు పొట్టతోనే ఆకలితో చస్తుంది. వారం పది రోజుల మీద లైకెన్ తగ్గిస్తూ దాణా పెంచాలి. ఇరుకు దొడ్డిలో కళ్ల జబ్బు, నోటి పుండ్లు అంటుకుంటాయి. దూడలు వెనకబడతాయి, పెద్దవి తొట్టి దగ్గరికి రానివ్వవు.

ప్రష్యన్ బ్లూ: అమోనియం ఇనుప హెక్సాసయనోఫెరేట్, నీలం పొడి. పేగులో సీజియంని పట్టుకుని పేడలో పంపేస్తుంది, తను ఒంటికి ఎక్కదు. రోజుకి గ్రాములోపే చాలు. మూడు విధాలుగా ఇచ్చారు: దాణాలో కలిపి, ఉప్పుదిమ్మలో 2.5 శాతంగా, లేదా గొంతులోంచి పొట్టలోకి వేసే బోలస్‌గా (పెద్ద గుళికగా). బోలస్‌లో నీలం పొడి 15 శాతమే, మైనం 10, మిగతా 75 బేరైట్ అనే బరువైన ఖనిజం. ఆ బరువు ఎందుకంటే తేలికైతే నెమరువేతలో బయటికొచ్చేస్తుంది. బరువుగా అడుగున కూర్చుని రెండు నెలల దాకా కొద్దికొద్దిగా కరుగుతుంది. చిక్కేమిటంటే ఒక్కో జంతువునీ పట్టి మింగించాలి, సగం అడవి జంతువులవి. ఉప్పుదిమ్మ పెట్టడం తేలిక, కానీ ఏది నాకిందో ఏది నాకలేదో చెప్పలేం.

బతికుండగానే కొలవడం: సోడియం అయొడైడ్ డిటెక్టర్‌ని పిరుదు కండ మీద ఆనించి పట్టుకోవాలి. ముందు ఆ నేల మీద జంతువు లేకుండా కొలిచి ఆ అంకెను తీసేయాలి, లేకపోతే కింద నేలలో ఉన్న సీజియం కూడా జంతువు ఖాతాలో పడుతుంది. దూడకి కండ తక్కువ కాబట్టి పెద్దవాటి పట్టిక దానికి పనికిరాదు. హద్దు (అమ్మే మాంసంలో ప్రభుత్వం అనుమతించిన గరిష్ఠ సీజియం) దాటినవాటికి రంగు గుర్తు వేసి వెనక్కి మేతకి పంపుతారు.

వీటికన్నా చవకైనది కోత కాలం మార్చడం. లైకెన్ మొదలుపెట్టక ముందే, ఆగస్టు సెప్టెంబరుల్లో కోయడం. అందులోనూ పుట్టగొడుగులు బాగా వచ్చిన ఏడాది ప్రమాదమే. కొన్ని పుట్టగొడుగులు లైకెన్ కన్నా ఎక్కువ సీజియం పట్టుకుంటాయి, రెయిన్‌డీర్‌కి అవంటే ప్రాణం. నార్వేలో యోతున్‌హైమెన్ దగ్గర వోగో మందలో 2014 సెప్టెంబరులో కిలోకి 8,200 నమోదైంది, చెర్నోబిల్ జరిగి 28 ఏళ్లయ్యాక. (ఆ మంద సామీలది కాదు, స్థానిక రైతులది. కారణం మాత్రం అన్నిచోట్లా అదే.)

దుర్భిణి

రేణుక గారూ, ఇంత వివరంగా ఇచ్చినందుకు ధన్యవాదాలు. ఒక సందేహం. హద్దు అన్నారు, స్వీడన్‌లో ఒకటి, నార్వేలో ఒకటి ఎందుకు? సీజియం సరిహద్దు దాటగానే మంచిదైపోతుందా?

ఉత్తరగాలి

స్వీడన్ 1986 మేలో కిలోకి 300 బెక్వెరెళ్లు పెట్టింది, దాంతో కాపరుల కోత దాదాపు మొత్తం పారేయాల్సి వచ్చింది. 1987లో రెయిన్‌డీర్, వేటమాంసం, చెరువు చేపల్లాంటివాటికి 1,500కి పెంచింది. నార్వే మొదట 600 పెట్టి, అదే ఏడాది నవంబరులో రెయిన్‌డీర్‌కి 6,000 చేసింది, 1994లో 3,000కి దించింది.

తర్కం ఇలా ఉంటుంది. సాధారణ నార్వే పౌరుడు ఏడాదికి కిలో రెయిన్‌డీర్ మాంసం కూడా తినడు. 6,000 ఉన్న కిలో తిన్నా 0.08 మిల్లీసీవర్ట్. అతనికి ఆ హద్దు చాలు. కాపరి కుటుంబం ఏడాదికి 100 కిలోలు తింటే అదే హద్దులో దాదాపు 8 మిల్లీసీవర్ట్. అంటే హద్దు కొట్లో కొనేవాడిని కాపాడింది. కాపరి ఇంటి సంగతి సలహాలకి వదిలేశారు: తక్కువ ఉన్నదాన్ని ఇంటికి ఉంచుకోండి, నెలకి ఇన్నిసార్లే తినండి, పిల్లలకి, గర్భిణులకి ఇంకా తక్కువ. నా దృష్టిలో ఈ చర్చలో అసలు అన్యాయం అక్కడుంది. మాంసం అమ్ముడుపోవడానికి హద్దు పెంచారు, దాని ఖర్చు తినేవాళ్లలో ఎక్కువ తినేవాడి మీద పడింది.

రిజిస్ట్రీ_రాజు

హద్దు 300 దగ్గరే ఉంచితే ఏమయ్యేది? కొనేవాడు లేక మందలు అమ్ముకుని పట్నం పోయేవాళ్లు. కాపరి సంఘాల నుంచి కూడా హద్దు పెంచమనే ఒత్తిడి ఉంది. ఎంచుకోవాల్సింది రెండు నష్టాల్లో చిన్నదాన్ని. అన్యాయం అనే ముందు వేరే దారి చూపించండి.

ఉత్తరగాలి

వేరే దారి రేణుక గారు రాసిందే. హద్దు పెంచకుండా శుభ్రమైన మేత 1986 నుంచే పూర్తిగా ఇవ్వొచ్చు. తర్వాత ఇచ్చారు కూడా. ఖర్చు ప్రభుత్వం పెట్టుకోవచ్చని తేలాక మొదటి ఏడాది ఎందుకు కుదరలేదో చెప్పండి.

నల్లమల_నీడ

చదువుతుంటే మన నల్లమల చెంచులే కళ్లముందు మెదులుతున్నారు. 2019లో యురేనియం అన్వేషణ మీద ఇంత గొడవ జరిగి తెలంగాణ శాసనసభ వ్యతిరేక తీర్మానం చేసింది. అక్కడ తవ్వితే సామీల గతే కదా?

లైకెన్_లోకం

నీడ గారూ, ఆందోళన అర్థమైంది, కానీ దారి పూర్తిగా వేరు. గనిలో సమస్య యురేనియం, రేడియం, రేడాన్, తడి వ్యర్థాల చెరువు, భూగర్భజలం. సీజియం-137 అణువిచ్ఛిత్తిలోనే పుడుతుంది, గనిలో అది సమస్య కాదు. పోల్చదగ్గది ఒక్కటే: అడవి మీద ఆధారపడ్డ తిండి ఉన్నవాళ్లకి సగటు మనిషి కోసం రాసిన హద్దు సరిపోదు. తుమ్మలపల్లె, నల్లమలల మీద విడిగా చర్చ పెడితే నేనూ వస్తాను.

ఇక్కడ మాత్రం ఎవరూ ముట్టని ఒక ముక్క ఉంది. పొలోనియం-210. ఇది బాంబులది కాదు, చెర్నోబిల్‌ది కాదు. నేలలోంచి లేచిన రేడాన్ గాల్లో విచ్ఛిన్నమై సీసం-210గా, పొలోనియంగా మారి మళ్లీ అదే లైకెన్ మీద పడుతుంది. అనాదిగా పడుతోంది. చలికాలపు రెయిన్‌డీర్ మాంసంలో కిలోకి 10 బెక్వెరెళ్ల స్థాయిలో ఉండొచ్చు. పది అంటే నవ్వొస్తుంది, కానీ అది ఆల్ఫా కణాలు వదులుతుంది. బెక్వెరెల్‌కి మోతాదు సీజియంకన్నా 92 రెట్లు ఎక్కువ. ఆ పది బెక్వెరెళ్లు కిలోకి 920 బెక్వెరెళ్ల సీజియంతో సమానం! నేడు చాలా మందల్లో సీజియం అంతకంటే బాగా తక్కువ. అంటే ఇప్పుడు రెయిన్‌డీర్ తినేవాడికి మాంసం నుంచి చేరే మోతాదులో పెద్ద వాటా ప్రకృతిదే.

రిజిస్ట్రీ_రాజు

అదీ మాట! తాతముత్తాతల నుంచి పొలోనియం తింటున్న జనం. దాని పక్కన సీజియం ఎంత?

శాంపిల్_సైజు

ముందునుంచీ ఒక బరువు ఉందని దాని మీద ఇంకోటి పెట్టడం సబబు అయిపోదు రాజు గారూ. పొలోనియంని ఆపలేం. బాంబుని ఆపొచ్చు, 1963లో చాలావరకు ఆపారు. ఎవరు పెట్టారు, అడిగి పెట్టారా అన్నది రిస్క్ శాతంలో రాదు.

ఇంకో లెక్కా రాదు. యెమ్ట్‌లాండ్, వెస్టర్‌బొట్టెన్, ట్రోన్‌దెలాగ్‌లలోని దక్షిణ సామీలు అసలే కొద్దిమంది. మందతో, కోతతో, ఇంట్లో పిల్లలకి నేర్పే పనితో ముడిపడ్డ భాష వాళ్లది. కోత కాలం మారితే ఎండబెట్టే కాలం మారుతుంది, రక్తం, మజ్జ, నాలుక వండటం తగ్గుతుంది, కొట్లో పందిమాంసం వస్తుంది. క్యాన్సర్ రిజిస్ట్రీలో దీనికి గడి లేదు. నేను దీన్ని క్యాన్సర్‌తో కలపడం లేదు, విడిగా లెక్కపెట్టాలంటున్నాను.

బెక్వెరెల్_బాబాయ్

దానితో నాకు పేచీ లేదు. రష్యా వైపు సంగతి కూడా మరవొద్దు. కోలాలో లొవొజెరో చుట్టూ ఉన్న సామీలు రెండు వేల లోపు. అదే ద్వీపకల్పంలో 1972లోనూ 1984లోనూ గనుల కోసం భూగర్భ అణుపేలుళ్లు చేశారు. నార్డిక్ దేశాల తరహా రిజిస్ట్రీ అనుసంధానం వాళ్లకి లేదు. రాజు గారి "మూడు దేశాలు" లెక్కలో ఈ నాలుగో దేశం రాదు.

సీత_స్టాక్‌హోమ్

నిపుణుల మధ్యలో ఒక మామూలు ప్రశ్న. ఇక్కడ సంతలో ఎండబెట్టిన రెయిన్‌డీర్ మాంసం దొరుకుతుంది. ఒకచోట కొలిచిన అంకె కిలోకి 2,400 అని చెప్పారు. హద్దు 1,500 కదా, పిల్లలకి పెట్టొచ్చా?

రేణుక_పశువైద్యం

సీత గారూ, ఎండితే నీళ్లు పోతాయి, సీజియం పోదు. మూడు కిలోల పచ్చిమాంసం ఒక కిలో ఎండుమాంసమవుతుంది. 2,400 ఎండులో అంటే పచ్చిలో 800 చుట్టుపక్కల. పెద్దవాళ్లు వంద గ్రాములు తింటే 240 బెక్వెరెళ్లు, 0.003 మిల్లీసీవర్ట్. పిల్లలకీ అదే స్థాయి. పండక్కో పబ్బానికో తినేవాళ్లు దీని గురించి ఆలోచించక్కర్లేదు.

పచ్చిమాంసం ఎక్కువ కొనేవాళ్లకైతే: చిన్న ముక్కలుగా కోసి ఉప్పునీళ్లలో నానబెట్టి ఆ నీళ్లు పారబోయండి, లేదా ఎక్కువ నీళ్లలో ఉడికించి ఆ నీళ్లు వాడకండి. సీజియం సగం దాకా నీళ్లలోకి దిగుతుంది. వేయిస్తే ఏమీ తగ్గదు. మాంసం, ఎముకలు, బంగాళాదుంప, క్యారెట్ కలిపి ఒకే గిన్నెలో ఉడికించే సామీ వంటకంలో మాత్రం ఈ కిటుకు పనిచేయదు, ఆ నీళ్లే దాని రుచి.